గారీ వేయించే మామాని అడగని కర్ర పెండలం: ఇబాదాన్ దగ్గర ఒక కేస్ స్టడీ

మేం పంచిన కొత్త రకం కర్ర పెండలం కర్రలు, అంటే నాటడానికి కోసిన కాండాలు, రెండో ఏడాదికే పొయ్యిలోకి వెళ్లాయి.

నైజీరియాలో ఓయో రాష్ట్రం, ఇబాదాన్‌కి గంటన్నర దూరంలో ఒక ఊరు. పంట పోయిందా అంటే పోలేదు. దుంప బాగా ఊరింది, ఆకుల మీద మొజాయిక్ అనే వైరస్ తెగులు లేదు, పక్క చేలోని ఊరి రకం కంటే బరువు ఎక్కువే తూగింది, మా ఫొటోల్లో రైతు పెద్ద దుంపని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ ఫొటోలే రిపోర్టులోకి వెళ్లాయి, ఈ ఊళ్లో ఇన్ని కుటుంబాలు కొత్త రకానికి మారాయని ఆ రిపోర్టులో రాసింది నేనే. మరుసటి సీజన్‌లో వెళ్లి చూస్తే ఆ రకం ఒక్క చేలో కూడా లేదు. కర్రలు ఎండబెట్టి వంటచెరుకుగా వాడేశారు.

నా గురించి రెండు ముక్కలు. మాది పెద్దాపురం వైపు. సగ్గుబియ్యం మిల్లుల పుల్లటి వాసన మధ్య పెరిగాను, అగ్రికల్చర్ చదివాను, తర్వాత చాలా ఏళ్లు పశ్చిమ ఆఫ్రికాలో కర్ర పెండలం రకాల్ని రైతుల చేలల్లో పరీక్షించే పని, కర్రలు సరఫరా చేసే పని చేశాను. ఆ మొదటి ఊరి పని ఏ సంస్థ తరఫున చేశానో ఇక్కడ రాయను. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్లం.

ఎందుకు వదిలేశారని రైతుని అడిగితే మామాని అడగమన్నాడు. అక్కడ పెద్దావిడలని గౌరవంగా మామా అని పిలుస్తారు. ఆవిడ గారీ చేసి సంతలో అమ్ముతారు. నాతో వచ్చిన సహోద్యోగి యొరుబా నుంచి మాట మాట చెప్తుంటే రాసుకున్నాను (ఓగా అంటే అయ్యా అన్నట్టు): "ఓగా, మీ దుంప నిండా నీళ్లే. నీళ్లని వేయించి అమ్మమంటారా?"

గారీ అంటే ఏంటో తెలియకపోతే ఈ మాట బరువు అర్థం కాదు. దుంప చెక్కు తీసి, కడిగి, తురిమి, గోతాల్లో నింపి, జాకీ కింద పెట్టి నీళ్లు పిండేస్తారు. రెండు మూడు రోజులు పులియనిస్తారు. తర్వాత జల్లించి, వెడల్పాటి పెనం మీద కట్టెల మంట పెట్టి, కలుపుతూనే వేయిస్తే రవ్వలా తయారవుతుంది. వేడినీళ్లలో ముద్ద చేస్తే ఏబా. చన్నీళ్లలో నానబెట్టి చక్కెర, వేరుశెనగలు వేసుకుంటే ఒక పూట గడుస్తుంది. ఇజెబు వైపు గారీ పుల్లగా, సన్నగా, కరకరలాడుతూ ఉండాలి. కొన్ని ప్రాంతాల్లో పామాయిల్ వేసి పసుపు రంగు తెస్తారు. నీళ్లు పోస్తే ఎంత ఉబ్బుతుందనేది సంతలో చూసే మొదటి పరీక్ష. ఈ పనంతా చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదే జరుగుతుంది, పెనం ముందు పొగలో గంటల తరబడి కూర్చోవడంతో సహా.

ఇప్పుడు లెక్క చూడండి. దుంపలో నీళ్లు పోగా మిగిలే పొడి పదార్థం 25 శాతం ఉంటే ఒక కథ, 35 శాతం ఉంటే ఇంకో కథ. మొదటి దానిలో చెక్కు తీసే శ్రమ అంతే, తురిమించే ఖర్చు అంతే, కట్టెలు ఇంకా ఎక్కువ, చేతికొచ్చే గారీ మాత్రం తక్కువ. మా రకం దుంప మెడ దగ్గర వంకరగా ఉండి చెక్కు కత్తికి సరిగా రాదు, ఆ సంగతి కూడా మామానే చూపించారు. పొడి పదార్థాన్ని మేం కొలవలేదా? కొలిచాం. దుంపని గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి తూచి లెక్కగట్టే పద్ధతి ప్రతి కేంద్రంలోనూ ఉంది. కానీ రకాన్ని ఎంపిక చేసేటప్పుడు దిగుబడి, తెగులు తట్టుకునే శక్తి ముందు కూర్చునేవి, ఇది వెనక బెంచీలో ఉండేది. చెక్కు సంగతి అయితే మా పట్టికలో కాలమ్‌గా కూడా లేదు.

ఇంకో చిక్కు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అక్కడ పచ్చి దుంప బరువు తూచి అమ్మడం అరుదు. పికప్ బండి నిండా ఇంత అనో, చేలో ఇన్ని వరుసలు ఇంత అనో బేరం. బండి నిండితే చాలు కాబట్టి నీళ్లున్న పెద్ద దుంప అమ్మేవాడికి లాభం, కొని వేయించే ఆవిడకి నష్టం. ఒకే ఇంట్లో భర్త చేను చూస్తూ, భార్య గారీ చేస్తుంటే ఆ ఇంట్లోనే రెండు అభిప్రాయాలు ఉంటాయి. "రైతు ఏం కోరుకుంటున్నాడు" అని సర్వేలో ఒక ప్రశ్న వేసి ఒకే జవాబు రాసుకుంటే అందులో సగం ఇల్లు ఉండదు.

పాత పద్ధతి ఏం సాధించింది

పాత పరిశోధనని తీసిపారేయడం నాకిష్టం లేదు. దుంప పంటల మీద అంతర్జాతీయ పరిశోధన అంటే మన పటాన్‌చెరు ఇక్రిశాట్ లాంటి కేంద్రాల గొలుసే, సీజీఐఏఆర్ కుటుంబం. పెరూలోని లిమాలో సీఐపీ బంగాళదుంప, చిలగడదుంప చూసేది. ఇబాదాన్‌లో 1967లో మొదలైన ఐఐటీఏ ఆఫ్రికాకి కర్ర పెండలం, యామ్ అనే దుంప చూసేది. కొలంబియాలో కాలీ దగ్గరి సియాట్ లాటిన్ అమెరికా, ఆసియాల కర్ర పెండలం చూసేది. టీఎంఎస్ 30572 అనే రకం గురించి ఇబాదాన్‌లో ఎవరిని అడిగినా చెప్తారు. 1930లలో టాంజానియాలోని అమానీలో అడవి జాతితో చేసిన సంకరాల నుంచి వచ్చిన నిరోధక శక్తిని తీసుకుని, 1970లలో కొరియా నుంచి వచ్చిన సాంగ్ కీ హాన్ బృందం ఐఐటీఏలో తయారుచేసింది. మొజాయిక్ తెగులు మీద ఆ పని లేకపోతే పశ్చిమ ఆఫ్రికా కథ వేరేగా ఉండేది.

పిండినల్లి సంగతి ఇంకా గొప్పది. దక్షిణ అమెరికా నుంచి 1970ల మొదట్లో ఆఫ్రికాకి వచ్చిపడి దేశాలకి దేశాల పంటని ఎండగట్టేసింది. దాని సహజ శత్రువుని వెతుక్కుంటూ వెళ్తే 1981లో పరాగ్వేలో పిండినల్లి కనపడింది, దాన్ని తినే అనాగైరస్ లోపెజీ అనే చిన్న కందిరీగ కూడా దొరికింది. దాన్ని తెచ్చి నైజీరియాలో వదిలారు. అక్కడి నుంచి ఖండమంతా పాకింది. ఆ కార్యక్రమాన్ని నడిపిన హాన్స్ హెరెన్‌కి 1995లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది.

అయితే ఆ కందిరీగకి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. వదిలితే అదే ఎగురుతుంది, అదే పని చేస్తుంది. రకం అలా కాదు. ప్రతి ఏడూ నాటే ముందు ఎవరో ఒకరు ఈ కర్ర ఉంచాలా పారేయాలా అని తేల్చుకోవాలి. మేం మొదటి దాని విజయం చూసి రెండోదాన్ని కూడా అలాగే వదిలితే ఎగురుతుందని నమ్మాం.

విత్తనం లేని పంటల్ని ఒక బల్ల దగ్గరికి చేర్చినప్పుడు

2012లో సీజీఐఏఆర్ కింద ఆర్‌టీబీ మొదలైంది. దుంపలు, అరటి కలిపి ఒకే కార్యక్రమం, సీఐపీ ముందుండి ఐఐటీఏ, సియాట్, బయోవర్సిటీని కలుపుకుంది, తర్వాత ఫ్రాన్స్ వాళ్ల పరిశోధన సంస్థ సిరాడ్ చేరింది. అరటిని దుంపలతో ఎందుకు కట్టారని అప్పట్లో చాలామంది అడిగారు, నేనూ అడిగాను. జవాబు సులువే. వీటిని గింజతో కాకుండా కర్రతోనో, పిలకతోనో, దుంప ముక్కతోనో, తీగతోనో నాటుతాం. కాబట్టి తల్లి మొక్కలో ఉన్న వైరస్ పిల్లకి నేరుగా వస్తుంది, ఏటేటా పేరుకుంటుంది. నాటే సరుకు బరువు, త్వరగా పాడైపోతుంది, గింజల కంపెనీలకి అందులో వ్యాపారం కనపడదు. బంగాళదుంప వాళ్లు పెరూలో ఎదుర్కొన్న సమస్యే కర్ర పెండలం వాళ్లు నైజీరియాలో ఎదుర్కొంటున్నా, వేర్వేరు కేంద్రాల్లో ఉండటం వల్ల ఎవరి నోటుపుస్తకం వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

నాకు తెలిసి ఈ సంస్కరణలో నిజంగా మారింది రెండు విషయాలు. ఒకటి, నాణ్యతకి మార్కులు వేసే హక్కు ఎవరిది అన్నది. రెండు, కర్రకి డబ్బు ఎవరిస్తారు అన్నది.

మొదటిది. రకం తయారీలో వరస ఇలా ఉంటుంది: సంకరం చేస్తే వేల మొలకలు, ఒక్కో దానికి ఒక్క మొక్క. మరుసటి ఏడాది వాటిలో మిగిలిన వాటికి చిన్న వరస. ఆ తర్వాత ప్రాథమిక దిగుబడి పరీక్ష, ఆపైన పెద్ద పరీక్షలు, చివరికి పలు ప్రాంతాల్లో, రైతుల చేలల్లో. మొత్తం ఎనిమిది నుంచి పదేళ్లు. గారీ చేయాలంటే బుట్టల కొద్దీ దుంప కావాలి, ఒక్క మొక్క నుంచి గారీ వేయించలేం. అందుకే గారీ పరీక్ష ఎప్పుడూ ఆఖర్లో, పదో పరకో రకాలు మిగిలినప్పుడు జరిగేది. మామాకి నచ్చే రకం ఏదైనా ఉంటే అది ఏడెనిమిదేళ్ల కిందటే, దిగుబడి కొంచెం తక్కువని, పొలం గట్టు మీద పడిపోయి ఉంటుంది.

మేం కొత్తగా మొదలుపెట్టిన పని చూడటానికి చిన్నది. గారీ వేయించే ఆవిడలని కొందరిని పిలిచి, ఐదు రకాల దుంపల్ని సమాన బరువుతో గోతాల్లో పెట్టి, పేర్లు చెప్పకుండా, మీ ఇంట్లో ఎలా చేస్తారో అలాగే చేయండి అన్నాం. మేం పక్కన కూర్చుని చెక్కుకి పట్టిన సమయం, పిండిన నీళ్లు, కాలిన కట్టెలు, చివరికి వచ్చిన గారీ తూచి రాశాం. రెండో రోజుకే వాళ్లు మాకు చెప్పడం మొదలుపెట్టారు, ఇది తురిమేటప్పుడే తెలుస్తుంది, ఇందులో పీచు ఎక్కువ, ఇది పెనానికి అంటుకుంటుంది, దీని రంగు ఎండలో మారుతుంది. వాళ్లు వాడే మాటల్లో కొన్నిటికి ఇంగ్లీషులో సరైన మాట దొరక్క మా సహోద్యోగి గంటసేపు వాదించాల్సి వచ్చింది. ఆ గంట వృథా అని ఎవరో అన్నారు, నాకు మాత్రం ఆ ఏడాది మొత్తంలో అంత విలువైన గంట ఇంకోటి లేదు.

ఇలాంటి పనే పెద్ద ఎత్తున 2017 నుంచి సిరాడ్ ముందుండి నడిపిన ఆర్‌టీబీఫుడ్స్ అనే ప్రాజెక్టులో జరిగింది. తినేవాళ్లు, వండేవాళ్లు చెప్పే మాటని పట్టుకుని, అది దుంపలో ఏ గుణం వల్ల వస్తుందో కనిపెట్టి, ఆ గుణాన్ని త్వరగా కొలిచే పద్ధతి తయారుచేయడం. పరారుణ కాంతి కొట్టి దుంప ముక్కలో పిండి, నీరు అంచనా వేసే నిర్స్ యంత్రం అందులో ఒకటి. దాని అందం ఏంటంటే కొన్ని ముక్కలు చాలు, బుట్టలు అక్కర్లేదు. అంటే మామా మాట వరసలో ముందుకి, వేల మొక్కలున్న దశ దాకా జరుగుతుంది. నా వరకు ఈ మొత్తం సంస్కరణలో గుండెకాయ ఇదే.

తర్వాత ట్రైకాట్ అనే పరీక్ష పద్ధతి. ఒక్కో ఇంటికి మూడే రకాలు, ఏ, బీ, సీ అని గుర్తులు, పేర్లు ఉండవు. ఏది మంచిది, ఏది చెడ్డది అన్న రెండు ప్రశ్నలు చాలు. ఇంటింటికీ మూడేసి రకాల కలయిక మారుతుంది కాబట్టి అన్నీ కలిపితే మొత్తం రకాల వరస తేలుతుంది. చదువు రాని వాళ్లు కూడా సులువుగా చెప్పేస్తారు. మా వైపు నుంచి ఒకటే పట్టుదల పెట్టుకున్నాం, చేను గురించి పండించేవాళ్లని, గారీ గురించి వేయించేవాళ్లని విడివిడిగా అడగాలి, రెండు జవాబులూ విడిగానే ఉంచాలి, సగటు తీయకూడదు. సగటు తీస్తే మళ్లీ మొదటికొస్తాం.

విటమిన్ ఏ ఉండే పసుపు కర్ర పెండలం కూడా ఇదే పాఠం నేర్పింది. నైజీరియాలో 2011లో మొదటి మూడు రకాలు విడుదలయ్యాయి. ఉద్దేశం చాలా మంచిది, పిల్లల కంటిచూపుకి సంబంధించినది. పామాయిల్ కలపకుండానే గారీకి పసుపు రంగు రావడం కొందరికి బాగా నచ్చింది. కానీ ఆ తొలి రకాల్లో పొడి పదార్థం తక్కువ, ఆఫ్రికా రకాల్లో రంగు పెరిగితే పిండి తగ్గే గుణం ఉంది, అది విడదీయడానికి ప్రజననం చేసేవాళ్లకి ఇంకొన్నేళ్లు పట్టింది.

2020 డిసెంబరులో నైజీరియా ఐదు కొత్త రకాలు విడుదల చేసింది. గేమ్ ఛేంజర్, హోప్, ఒబసాంజో-2, బాబా-70, పౌండబుల్. ఆఖరి పేరు చూడండి, దంచుకోవడానికి పనికొచ్చేది అని. ఉడికించి దంచి ముద్ద చేసుకునే వాళ్ల కోసమని పేరులోనే ఉంది. అంతకుముందు రకాల పేర్లు చాలావరకు టీఎంఎస్ తర్వాత అంకెలు. ఎవరికోసం తయారైందో పేరులో రాసుకున్న రకాన్ని మా పనిలో నేను చూడటం అదే మొదలు.

కర్రకి డబ్బు ఎవరిస్తారు

మంచి రకం ఉంటే సరిపోదు, కర్ర చేలోకి చేరాలి. ఇక్కడ లెక్క దయ లేనిది. ఎకరాల్లో కాకుండా హెక్టారుకే చెప్తాను: సుమారు 10,000 మొక్కలు, ఒక్కో దానికి పాతిక సెంటీమీటర్ల ముక్క. మీటరు కర్రకి నాలుగు ముక్కలు, అంటే 2,500 కర్రలు, యాభైయేసి కట్టలు కడితే 50 కట్టలు, ఒక హెక్టారుకి. లారీ కావాలి, కొన్ని వారాల్లో నాటకపోతే ఎండిపోతాయి. ఏడాది తర్వాత ఒక హెక్టారు నుంచి పది హెక్టార్లకే కర్ర వస్తుంది. వరిలో ఒక గింజ వేస్తే వందల గింజలు వస్తాయి, ఇక్కడ ఒకటికి పది, అదీ ఏడాదికి.

ఇంత కష్టమైనదాన్ని ప్రభుత్వాలు, ఎన్జీవోలు ఉచితంగా పంచుతూ వచ్చాయి, మేం కూడా. ఉచితంగా పంచేవాడు రకం ఎంచుకుంటాడు, తీసుకునేవాడికి మాట ఉండదు. 2016లో మొదలైన బేసిక్స్ ప్రాజెక్టు దీన్ని తిరగేసింది. పైన శుద్ధమైన తొలి తరం కర్ర తయారుచేసే సంస్థలు, ఐఐటీఏ తరఫున గోసీడ్, ఉముదికేలోని జాతీయ పరిశోధన సంస్థ తరఫున ఉముదికే సీడ్స్. కింద ఊళ్లలో కర్ర పెంచి అమ్ముకునే చిన్న వ్యాపారులు. మధ్యలో విత్తన మండలి తనిఖీ. సాహ్ అనే పద్ధతి అర్జెంటీనా నుంచి తెచ్చారు, చిన్న డబ్బాల్లో మొక్కల్ని వేగంగా పెంచడం, దానితో ఒకటికి పది అనే గోడ పైదశలోనైనా పగిలింది.

మా ప్రాంతంలో కర్రలు అమ్మడానికి ముందుకొచ్చిన ఒకావిడకి మొదటి ఏడాది బేరాలే రాలేదు. అదే నెలలో పక్క మండలం లాంటి ప్రాంతంలో ఎవరో ఉచితంగా పంచారు. ఆవిడ కర్రలు చేలోనే ముదిరిపోతుంటే నాకు నిద్ర పట్టలేదు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆవిడ పెట్టింది సొంత డబ్బు. రెండో ఏడాది గారీ చేసే ఆవిడల సంఘం ఒకటి ఫలానా రకం దుంపే కొంటామని ముందే చెప్పింది. అప్పుడు రైతులు కర్ర కోసం ఆవిడ దగ్గరికి వచ్చారు. డిమాండ్ పెనం దగ్గర నుంచి చేలోకి, చేలో నుంచి కర్ర అమ్మే ఆవిడ దగ్గరికి నడిచింది. మేం ఇన్నేళ్లూ దాన్ని అటు నుంచి ఇటు తోస్తూ వచ్చాం.

నాకు మింగుడు పడనిది

ఆర్‌టీబీ 2021తో ముగిసింది. ఆ తర్వాత వన్ సీజీఐఏఆర్ అని 2022 నుంచి 2024 దాకా పని రకాన్ని బట్టి విభాగాలు పెట్టారు, ప్రజననం ఒక దానిలో, విత్తనం ఇంకోదానిలో, మార్కెట్ సమాచారం మరోదానిలో. 2025 నుంచి మళ్లీ కొత్త ఏర్పాటు. ప్రజననానికి ఉమ్మడి పద్ధతులు, ఉమ్మడి డేటా రావడం మంచిదే, ఆ వాదన నేను ఒప్పుకుంటాను. కానీ గింజ పంటల కోసం ఆలోచించే పెద్ద విభాగంలో కర్ర పెండలం కూర్చున్నప్పుడు 50 కట్టల లారీ గురించి ఎవరూ అడగరు. విత్తనం లేని పంటలన్నీ ఒక బల్ల దగ్గర కూర్చున్న పదేళ్లలో జరిగిన మంచి ఆ బల్ల వల్లే జరిగిందని నా గట్టి నమ్మకం, దాన్ని చెదరగొట్టడం తప్పు.

ఇంకోటి కాలం. పంట ఏడాది. కర్ర ఒకటికి పది. రకం ఎనిమిది నుంచి పదేళ్లు. ప్రాజెక్టుకి ఇచ్చే డబ్బు మూడేళ్లు. మూడేళ్లలో చూపించగలిగేది ఏంటి? పంచిన కట్టల సంఖ్య, నవ్వుతున్న ఫొటో. అంటే నా మొదటి రిపోర్టే మళ్లీ ఎవరో రాస్తారు. ఇచ్చేవాళ్లు కనీసం ఒక రకం వయసంత కాలానికి మాట ఇవ్వాలి, పంచినది కాకుండా మూడో ఏడాది తర్వాత ఇంకా చేలో మిగిలినదే లెక్కపెట్టాలి. ఈ రెండూ ఏ కొత్త నిర్మాణంలోనైనా పెట్టుకోవచ్చు.

మన వైపు

2020లో కేరళ త్రిస్సూరులో ఆ పిండినల్లే కనపడింది, తర్వాత సేలం, నామక్కల్ చేలల్ని పట్టుకుంది. బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధన సంస్థ ఎన్‌బీఏఐఆర్, బెనిన్‌లోని ఐఐటీఏ నుంచి అదే కందిరీగని తెప్పించి 2022 మార్చిలో సేలం జిల్లా యేతాపూర్‌లో వదిలింది. నలభై ఏళ్ల కిందట పరాగ్వేలో దొరికిన పురుగు మన పక్క రాష్ట్రం చేలో పని చేస్తోంది. అంతర్జాతీయ పరిశోధన మనకెందుకు అనేవాళ్లకి నేను ఈ ఒక్కటే చెప్తాను.

రకాల విషయంలో మాత్రం గోదావరి జిల్లాల్లో మా వాళ్లు ఇప్పటికీ తిరువనంతపురం దుంప పంటల సంస్థ 1971లో ఇచ్చిన హెచ్-165, హెచ్-226 లాంటివాటి మీదే చాలావరకు ఉన్నారు. కర్ర పోయినేడు చేలోదే, అందులో మొజాయిక్ ఉంటే అదీ వస్తుంది. తెగులు తట్టుకునే కొత్త రకాలు ఆ సంస్థ దగ్గర ఉన్నాయి.

పోయిన నెల మామాకి ఫోన్ చేస్తే, మీ ఊళ్లో ఈ దుంపని ఎవరు వేయిస్తారని అడిగారు. సగ్గుబియ్యం కూడా పెనం మీద వేయించాల్సిందే. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో ఆ పెనాల ముందు నిలబడేవాళ్లని చిన్నప్పటి నుంచి చూశాను, ఏ దుంప పిండి ముత్యం కడుతుందో, ఏది పెనం మీద విరిగిపోతుందో వాళ్లని ఒక్కసారి కూడా అడగలేదు. వచ్చే నాటుకి మూడు రకాలు, ఏ, బీ, సీ, కొందరు రైతుల చేలల్లో నాటించే ఏర్పాటు చేస్తున్నాను. ఇద్దరు మిల్లు వాళ్లు దుంపని విడివిడిగా ఆడిస్తామన్నారు. పెనం దగ్గర పనిచేసే వాళ్లకి ఆ రోజు కూలీ మేమే ఇస్తాం, వాళ్ల జవాబులు రాసుకునే కాగితం మామా చెప్తుంటే తయారుచేసుకున్నాను, మొదటి ప్రశ్న చెక్కు గురించే.